ఒడ్డున పడ్డ సొమ్ము

అడవిలో ఉసిరికాయకీ, సముద్రంలో ఉప్పుకీ పొత్తు కుదిర్చింది మన వంటిళ్ళే. సామెతకేంగాని, జాడీలో ఉసిరికాయలు పోసి, పైన గుప్పెడు ఉప్పు చల్లేటప్పుడు ఏనాడైనా మనకి సముద్రం గుర్తొచ్చిందా? రాదు. ఉప్పంటే కొట్లో దొరికే పాకెట్టు. చేపలంటే గంప నెత్తిన పెట్టుకుని వీధిలో కేకేసే మనిషి. వానంటే పంచాంగం, రేడియో, ఇప్పుడైతే సెల్‌ఫోను. వీటన్నిటి వెనకా ఒకే ఒక పెద్దమనిషి వున్నాడనీ, ఆయనకి మనతో వేల ఏళ్ళ నాటి ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయనీ తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు తప్ప తలుచుకోం.

మా పామర్రు సముద్రం కనిపించే ఊరు కాదు. సెంటర్లో నిలబడితే ఒక దారి బెజవాడకి, ఒకటి బందరుకి, ఒకటి గుడివాడకి, ఇంకొకటి కూచిపూడి మీదుగా చల్లపల్లికి పోతాయి. బందరు సుమారు ముప్ఫై కిలోమీటర్లు. అంటే సముద్రం హోరు వినపడనంత దూరం. గాలీ వానా మాత్రం తప్పనంత దగ్గర. ఇలాంటి ఊళ్ళల్లో వున్నవాళ్ళకి ఒక వెసులుబాటు, ఒక చిక్కు వున్నాయి. వెసులుబాటేమిటంటే, అల మన గుమ్మం దాకా రాదు. చిక్కేమిటంటే, అల ముంచినవాళ్ళు మన గుమ్మం దాకా వస్తారు. వచ్చినప్పుడు మనం ఏం చేస్తాం, ఏం చెయ్యాలి అన్నదే నా ప్రశ్న. దానికి జవాబు వెతుక్కుంటూ కాస్త పాతకాలానికి వెళ్ళి రావాలి. దారి పొడుగునా సముద్రమే కనక విసుగు పుట్టదనుకుంటాను.

చల్లపల్లికి కాస్త ఇవతల ఘంటసాల వుంది. ఇప్పుడు చూస్తే పచ్చని పొలాల మధ్య నెమ్మదైన ఊరు. కాని రెండో శతాబ్దంలో ప్రపంచానికి పటం గీయబోయిన టాలెమీ, ఎక్కడో ఈజిప్టులో కూర్చుని, ఈ ఊరి పేరుని తన నోటికి తిరిగినట్టు రాసుకున్నాడు. అంతేకాదు, తూర్పున బంగారు భూమికి వెళ్ళే ఓడలు తీరం వెంట పాకడం మానేసి, నేరుగా నడిసముద్రంలోకి దిగే చోటు ఈ తీరంలోనే ఒకటుందని కూడా రాశాడు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ వుంది. డబ్బు మీద ఓడ బొమ్మ వేసుకున్నవాళ్ళు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో బాగా తెలిసినవాళ్ళే అయివుండాలి.

ఆ రోజుల్లో ఓడకి ఇంజనూ లేదు, వాతావరణ కేంద్రమూ లేదు. గాలే గతి. ఆర్నెల్లు నైరుతి, ఆర్నెల్లు ఈశాన్యం. ఒక గాలితో వెళ్ళడం, ఇంకో గాలి తిరిగేదాకా పరాయి రేవులో ఎదురుచూడడం, దానితో ఇంటికి రావడం. ‘‘ఎప్పుడొస్తావు నాయనా?’’ అని తల్లి అడిగితే, ‘‘గాలి తిరిగినప్పుడమ్మా’’ అనడం తప్ప కొడుకు చెప్పగల జవాబు లేదు. అన్వేషణ, సాహసం అని చరిత్ర పుస్తకాల్లో చదువుకుంటాం గాని, ఒడ్డున వుండిపోయిన ఆడవాళ్ళ కళ్ళతో చూస్తే అదంతా ఎదురుచూపే.

తరవాత బందరు వంతు వచ్చింది. అసలా పేరుకి అర్థమే రేవు. 1605లో డచ్చివాళ్ళు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనకే ఫ్రెంచివాళ్ళూ వచ్చారు. మన అద్దకం బట్టలు, కలంకారీలు ఓడలెక్కి దేశాలు తిరిగాయి. పెడన చుట్టుపక్కల చెరువుల్లో, కాలవల్లో ఉతికి ఆరేసిన గుడ్డ పరాయి దేశాల్లో దొరసానుల గౌనయింది. అన్ని వందల ఏళ్ళు సముద్రం ఈ ప్రాంతానికి పెట్టింది. తినడానికే కాదు, కట్టుకోవడానికీ, పెట్టుకోవడానికీ కూడా.

పెట్టే చెయ్యి తియ్యకుండా వుండదు. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నిన్న సరుకుతో తెరచాప ఎత్తి వెళ్ళిన ఓడ, ఇవాళ పలకలు పలకలుగా ఒడ్డుకి కొట్టుకొస్తుంది. పలకలతో పాటు పట్టు మూటలు, దంతాలు, గంధపు చెక్కలు, ఒక్కోసారి కొన ఊపిరితో మనుషులు. అప్పుడు పుడుతుంది అసలు ప్రశ్న. ఒడ్డున పడ్డ సొమ్ము ఎవరిది?

ఇదేం ప్రశ్న, పోగొట్టుకున్నవాడిదే కదా అంటారు మీరు. కాని చాలా కాలం రాజుల లెక్క అలా లేదు. ఓడ పగిలి ఒడ్డున పడితే సరుకంతా ఆ తీరం ఏలే రాజుదే. ‘సముద్రం తీసుకుంది, సముద్రమే మాకిచ్చింది, మధ్యలో నువ్వెవరు?’ అన్న వాదన. మనిషి ప్రాణాలతో ఈదుకుంటూ వచ్చి, ‘అయ్యా, ఆ మూట నాదే’ అని మొత్తుకున్నా ఇచ్చేవాళ్ళు కారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. అడిగినవాడు నయం. వీళ్ళు అడక్కుండానే పట్టుకుపోయేవాళ్ళు.

ఆ ఆచారాన్ని మన గడ్డ మీద ఒకాయన మాన్పించాడు. చీరాల దగ్గర, ఇప్పటి బాపట్ల జిల్లాలో మోటుపల్లి అని ఊరుంది. అక్కడి వీరభద్రస్వామి గుళ్ళో ఒక రాతి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం వుంది. దాన్ని అభయశాసనం అంటారు. అందులో సంగతి ఇదీ: మునుపటి రాజులు తుఫానుకి పగిలి ఒడ్డున పడ్డ ఓడల్లోని ఏనుగుల్నీ, గుర్రాల్నీ, రత్నాల్నీ బలవంతంగా లాక్కునేవారు. మేం అలా చెయ్యం. ప్రాణం కన్న ధనమే గొప్పదనుకుని సముద్రం మీదికి బయల్దేరిన వర్తకుల మీద దయతో, కీర్తి కోసమూ ధర్మం కోసమూ, న్యాయమైన సుంకం తప్ప తక్కినదంతా వాళ్ళకే వదిలేస్తున్నాం. ఆ సుంకమైనా ఎంత? ముప్ఫయ్యో వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, వక్కలు అంటూ వేటికెంతో రాతి మీద చెక్కించాడు. అధికారుల నోటి మాటకి వదల్లేదు. రాయి అయితే మాట మార్చదు కదా.

ఆ గణపతిదేవుడి కూతురే మన రుద్రమదేవి. 1290ల ప్రాంతంలో ఈ తీరం గురించి రాసిన మార్కోపోలో, ఇక్కడ ఒక రాణి ఎంతో న్యాయంగా ఏలిందని మెచ్చుకుని, ఇక్కడి నేతని సాలెగూడుతో పోల్చాడు. తండ్రి ఇచ్చిన అభయం కూతురి కాలానికి ఫలించిందన్నమాట. నమ్మకం వున్న రేవుకే ఓడలొస్తాయి.

తమాషా ఏమిటంటే, మోటుపల్లి శాసనం పడ్డ 31 ఏళ్ళకి, 1275లో ఇంగ్లండులో కూడా ఇలాంటి చట్టమే ఒకటి చేశారు. పగిలిన ఓడలోంచి ఒక మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణాలతో బయటపడితే, ఆ సరుకుని దిక్కులేని సొమ్ముగా లెక్కకట్టకూడదు. ఏడాది పైన ఒక రోజు దాకా దాచి, సొంతదారు వచ్చి రుజువు చూపిస్తే ఇచ్చెయ్యాలి. పిల్లి బతికితే సరుకు దక్కుతుందట! ఆ రోజుల్లో ఓడ సరంగులు పిల్లుల్ని ఎంత ముద్దుగా పెంచివుంటారో వూహించుకోండి. కాని ఆ చట్టంలో ఒక మెలిక వుంది, చూశారా? పిల్లితో సహా అందరూ పోతే సరుకు రాజుదే. అంటే ఒడ్డున నిలబడ్డవాడికి, నీళ్ళలో వున్న ప్రాణి బతక్కపోతేనే లాభం. గణపతిదేవుడి శాసనంలో పిల్లి ప్రసక్తి లేదు. ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్న మాటే లేకుండా సుంకం తప్ప అంతా వదిలేశాడు. ఒక్క వాక్యంలో తేడా. దానివల్ల ఒడ్డున వున్నవాడి మనసే మారిపోతుంది.

‘గణపతిదేవుడిది దయేమీ కాదండీ, వ్యాపారం. వర్తకులు రావాలని అభయం ఇచ్చాడు. వాళ్ళొస్తే సుంకాలు, సుంకాలొస్తే ఖజానా’ అని అనేవాళ్ళూ వున్నారు. నిజమే కావచ్చు. కీర్తి కోసం అని ఆయనే దాచకుండా చెప్పుకున్నాడు. అయితే మాత్రమేం? మన ఇళ్ళల్లో చేసే మంచిపనుల్లో మాత్రం లాభాపేక్ష లేనివెన్ని? పేరంటానికి పిలిస్తే పిలుస్తారని పిలవమూ? లాభం తోడైనంత మాత్రాన ధర్మం అధర్మం అయిపోదు. లాభం వేరేచోట వున్నప్పుడు కూడా నిలుస్తుందా లేదా అన్నదే పరీక్ష. గుర్రాలతో, రత్నాలతో నిండిన ఓడ ఒకటి తన ఒడ్డున పడి వుంటే ఆ పూటకి లాభం లాక్కోవడంలోనే వుంది. లాక్కోకుండా ఆగడానికి మాట మీద నిలబడే గుణం కావాలి.

ఇంతకీ తప్పు సముద్రానిదా? మన పురాణాలు ఈ ప్రశ్నని ఎప్పుడో వేసుకున్నాయి. లంకకి దారిమ్మని రాముడు దర్భల మీద పడుకుని మూడు రోజులు సముద్రుణ్ణి వేడుకున్నాడు. సముద్రుడు పలకలేదు. అంతటి శాంతమూర్తికీ కోపం వచ్చి విల్లెక్కుపెట్టాడు. అప్పుడు సముద్రుడు చేతులు జోడించుకుని పైకి వచ్చి చెప్పిన మాట ఆలోచించదగ్గది. భూమి, గాలి, ఆకాశం, నీరు, నిప్పు ఎవరి స్వభావంలో వాళ్ళుంటారు. లోతుగా వుండడం, దాటరానిదిగా వుండడం నా స్వభావం. అలా వుండకపోతేనే వికారం అన్నాడు. అని ఊరుకోలేదు. నలుడి చేత వారధి కట్టించుకో, నేను మోస్తానన్నాడు. అంటే సముద్రం మారదు. మనం కట్టుకోవలసింది కట్టుకుంటే అడ్డూ రాదు.

ఈ స్వభావాన్నే ఇప్పటి శాస్త్రం తన భాషలో చెబుతుంది. ఎండకి కాగిన సముద్రం మీంచి ఆవిరి లేస్తుంది. పైకి పోయి చల్లబడి నీరయ్యేటప్పుడు అది వేడిని వదుల్తుంది. ఆ వేడి గాలిని ఇంకా పైకి తోస్తే, కిందికి చుట్టుపక్కల గాలి పరుగెత్తుకొస్తుంది. భూమి తిరుగుతోంది కనక ఆ గాలి సుడి తిరుగుతుంది. మన బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీళ్ళు బరువు తక్కువై ఉప్పునీళ్ళ మీద మూతలా పరుచుకుంటాయి. మూత పెట్టిన గిన్నెలో పాలు తొందరగా చల్లారవు కదా, అలాగే పైపొర వేడి అంత తేలిగ్గా తగ్గదు. తుఫానుకి అదే తిండి. ఇక తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, డెల్టా నేల పల్లం. గాలి తోసుకొచ్చిన నీరు పక్కలకి పోలేక గోడలా లేచి ఊళ్ళ మీదికి వస్తుంది. దానికి మనవాళ్ళు పెట్టిన పేరు ఉప్పెన.

ఇందులో కోపమేదీ? పగ ఏదీ? మన వరిచేను పండించే కృష్ణ నీళ్ళు పుట్టేది మహాబలేశ్వరం కొండల మీద. అక్కడ కురిసే వాన అరేబియా సముద్రం పంపిందే. ఆ సముద్రపు వానతో సార్వా పండితే, కోతల వేళకి ఈ సముద్రపు గాలి వచ్చి దాన్ని పడుకోబెడుతుంది. పెట్టేదీ కొట్టేదీ ఒకే జాతి. అత్తగారు అని నవ్వుకుంటున్నారేమో, నేననలేదు సుమండీ!

సముద్రానికీ భూమికీ మధ్య హద్దుని తెలుగులో చెలియలికట్ట అంటారు. ఎంత చక్కని మాట! సముద్రం చెలియలికట్ట దాటదని మన నమ్మకం. కాని దాటిన రాత్రులున్నాయి. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. సుమారు 30 వేల మంది పోయారు. అంత వైభవంగా వెలిగిన రేవుపట్టణం ఆ దెబ్బనుంచి మళ్ళీ పూర్తిగా తేరుకోలేదు.

నూట పదమూడేళ్ళ తరవాత 1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి చుట్టుకున్న దివిసీమ మీద ఉప్పెన పడింది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. నీరు పది కిలోమీటర్ల పైగా లోపలికి వచ్చింది. పదివేల మందికి పైగా చనిపోయారు. ఆ తరం వాళ్ళని కదిపితే ఇప్పటికీ గొంతు మారుతుంది. లెక్కలో పదివేలు అని రాస్తాం. కాని అందులో ప్రతి ఒక్కరూ ఎవరికో అమ్మ, ఎవరికో పిల్లాడు, ఎవరికో రేపు వస్తానని చెప్పి వెళ్ళిన మనిషి.

ఆ తరవాత మాత్రం మనిషి వారధి కట్టడం మొదలెట్టాడు. తీరం వెంబడి తుఫాను రక్షణ భవనాలు లేచాయి, హెచ్చరికలు బాగుపడ్డాయి. 1990 మే నెలలో అంతటి తుఫానే కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. లక్షల మందిని ముందే కదిలించారు. పోయినవాళ్ళు వెయ్యికి లోపు. వెయ్యి తక్కువా అంటే తక్కువ కాదు. కాని పదివేల పక్కన పెట్టి చూడండి. సముద్రం మారలేదు, ఒడ్డు మారింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు పౌర్ణమి, ఆదివారం. అప్పటికి మన దేశంలో సునామీకి హెచ్చరిక కేంద్రం లేదు. మన రాష్ట్రతీరంలో వందమంది వరకూ పోయారు. 2007లో హైదరాబాదులో ఆ కేంద్రం పెట్టారు. సముద్రం లేని హైదరాబాదు సముద్రాన్ని రాత్రింబగళ్ళు కనిపెట్టుకుని వుండడం నాకు ముచ్చటగా తోస్తుంది. ఒడ్డున ఇల్లున్నవాళ్ళకే కాదు, దూరాన వున్నవాళ్ళకీ బాధ్యత వుందని చెప్పినట్టుగా వుంటుంది.

ఇప్పుడు మన గుమ్మం దగ్గరికి వద్దాం. సముద్రానిది స్వభావం, దానికి ధర్మం అంటగట్టలేం. మరి ధర్మం ఎవరిది? ఒడ్డుది. అంటే మనది. సముద్రం చెలియలికట్ట దాటితే ప్రకృతి. మనిషి దాటితే పాపం.

1977లో ఈ ఒడ్డు ఎలా ప్రవర్తించింది? చాలామటుకు గొప్పగా ప్రవర్తించింది. ఇళ్ళల్లో వున్న చీరలూ, దుప్పట్లూ, బియ్యమూ మూటలు కట్టి పంపారు. రామారావుగారు, నాగేశ్వరరావుగారు ఊరూరా తిరిగి జోలె పట్టారు. మెళ్ళో గొలుసు తీసి జోలెలో వేసిన ఇల్లాళ్ళ కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఒక ఒడ్డు.

ఇంకో ఒడ్డు కూడా వుంటుంది. ప్రతి ఆపదలోనూ వుంటుంది. ఉప్పెనకి అమ్మా నాన్నా పోయిన ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె వుందనుకుందాం. దగ్గర చుట్టమెవరో తీసుకొచ్చి కలిగినవారింట్లో దించుతారు. ‘‘అమ్మగారూ, ఇంత అన్నం పెట్టండి, మీ ఇంట్లో పడి వుంటుంది.’’ ఇంటావిడ చెడ్డమనిషేమీ కాదు. అన్నం పెడుతుంది, పాత గౌను ఇస్తుంది. పిల్ల అంట్లు తోముతుంది, నీళ్ళు తోడుతుంది, చంటివాణ్ణి ఎత్తుకుంటుంది. పదేళ్ళు గడుస్తాయి. జీతం అన్న మాట రాదు. బడి అన్న మాట అంతకన్నా రాదు. ‘‘దిక్కులేని పిల్లని చేరదీశాం’’ అని ఆవిడ పేరంటాళ్ళతో చెప్పుకుంటుంది. విన్నవాళ్ళు మెచ్చుకుంటారు. చేరదీసింది నిజమే. కాని ఒడ్డున పడ్డ సొమ్ముని ఇంట్లో పెట్టుకున్నదీ నిజమే. సముద్రం ఒడ్డుకి తోసేవాటిలో రత్నాలకన్నా ఖరీదైనది పసిపిల్ల బతుకు. దానికి సొంతదారు ఆ పిల్లే.

అంత దూరం వెళ్ళక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు నీళ్ళలో వున్నప్పుడు, వొంటి మీది బట్టలతో మేడెక్కిన చుట్టాల గురించి మనలో ఎంతమంది గుండెలు చేత్తో పట్టుకుని కూచోలేదు? అన్నం పొట్లాలు కట్టి పంపినవాళ్ళని చూశాం. పడవ ఎక్కించడానికి వేలు అడిగారనీ విన్నాం. ఒకే నీళ్ళు, ఒకే వీధి, రెండు రకాల ఒడ్లు.

పడవవాడిని తిట్టడం తేలిక. మన సంగతేమిటి? పనిమనిషి ఇల్లు కూలి, రెండు వేల కోసం ముక్కుపుడక అమ్మబోతే, ‘‘ఇప్పుడైతే చవగ్గా వస్తుంది’’ అని కొనుక్కోమా? వ్యాపారం దెబ్బతిన్న ఇంటి పిల్లని చూడబోతూ, ‘‘ఇప్పుడు వాళ్ళు ఏమన్నా ఒప్పుకుంటారు’’ అని అనుకోమా? ఆపదలో వున్న ఆడపడుచు తన వాటా పొలం అమ్ముతానంటే, ‘‘బయటివాళ్ళకి పోవడం దేనికి’’ అంటూ సగం ధరకి రాయించుకోమా? ఇవన్నీ పగిలిన ఓడలే. చుట్టూ నీళ్ళు కనపడవు కనక మనకి తెలీదు, అంతే.

మా వీధిలో ఒకావిడ ఈ మాటే తిరగేసి అడిగింది. ‘‘అక్కయ్యా, నేను కొనకపోతే ఆవిడకి ఆ రెండు వేలూ ఎవరిస్తారు? కొనడం తప్పంటావు, కొనకపోతే ఆవిడ పస్తుంటుంది. మరి నన్నేం చెయ్యమంటావు?’’ న్యాయమైన ప్రశ్న. కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. ఆపదలో వున్నవాళ్ళ దగ్గర కొనడమే పాపమైతే వాళ్ళకి రెండు విధాలా నష్టం. వరదకి తడిసిన చీరల్ని కొట్టువాడు సగం ధరకి అమ్ముతుంటే వెళ్ళి కొనుక్కోవడంలో తప్పేముంది? వాటిని ఆ ధరకి అమ్ముకుంటేనే వాడు కోలుకునేది. చీర నిజంగానే తడిసింది, ధర నిజంగానే తగ్గింది.

కాని ముక్కుపుడక తడవలేదు కదా! దానిలో బంగారం తుఫానుకి ముందురోజు ఎంతో, తరవాత రోజూ అంతే. తగ్గింది బంగారం కాదు, అమ్మే మనిషి ధైర్యం. సరుకు పాడై ధర తగ్గితే అది బేరం. మనిషి మునిగి ధర తగ్గితే అది దోపిడి. ‘‘ముందురోజు ధర ఇవ్వు, లేదా ముక్కుపుడక ఆవిడ దగ్గరే వుంచి రెండు వేలు బదులివ్వు’’ అన్నాను. ‘‘తిరిగి ఇవ్వకపోతే?’’ అంది. ‘‘పొరుగు ఓడ పగిలినప్పుడు రెండు వేలు పోయినా నీ ఓడ మునగదులే’’ అన్నాను. నవ్వింది గాని ఒప్పుకున్నట్టు చెప్పలేదు.

పడవవాడికి కూడా ఇదే కొలత వెయ్యాలి. అతను ప్రాణానికి తెగించి వరదనీళ్ళలో దిగితే, రోజూ తీసుకునే డబ్బుకన్నా ఎక్కువ అడగడం న్యాయమే. కష్టానికి కూలి పెరిగింది. గణపతిదేవుడు కూడా సుంకం మానుకోలేదు. రేవుని కాపాడిన ఖర్చుకింద ముప్ఫయ్యో వంతు పుచ్చుకున్నాడు. తక్కిన ఇరవైతొమ్మిది వంతుల జోలికి పోకపోవడమే ఆయన గొప్పతనం. ఆపదలో వున్నవాడి దగ్గర ఏమీ పుచ్చుకోవద్దని నేననను. మన కష్టానికి ఎంతో అంతే పుచ్చుకోవాలి. అతని భయానికి విలువ కట్టి పుచ్చుకోకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. ఎక్కడ కష్టం ఆగి ఎక్కడ భయం మొదలవుతుందో గీత గీసి చూపించలేం. కాని ఆ గీత వుందని తెలిసినవాళ్ళ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణంలో చాలా ఓడలు గట్టెక్కుతాయి.

పాలసముద్రం చిలికినప్పుడు కల్పవృక్షం, కామధేనువు, లక్ష్మీదేవి వచ్చారని పిల్లలకి కథ చెబుతాం. ముందు వచ్చింది హాలాహలం అన్నది ఒక్క మాటలో దాటేస్తాం. రత్నాలకి చేతులు చాపినవాళ్ళు చాలామందే. విషం పుచ్చుకోవడానికి శివుడొక్కడే ముందుకొచ్చాడు. పుచ్చుకుంటున్నాను, నువ్వేమంటావు అని పార్వతిని అడిగాడని కూడా మన భాగవత కథ. ఆవిడ సరే అంది. ఆ సరే అనడం చిన్న విషయం కాదు. ఎదుటివాళ్ళ ఆపదలో ఇంట్లోని మగవాడు ‘వెళ్ళి సాయం చేసి వస్తాను’ అంటే, ‘చవగ్గా వస్తోంది, కొనేస్తాను’ అంటే, రెండు సందర్భాల్లోనూ చివరికి మన ముఖమే చూస్తాడు. మన తలూపడం మీద ఎన్ని ఓడల భాగ్యం ఆధారపడివుందో!

బందరు రేవు మళ్ళీ కడుతున్నారు. 2023లో పనులు మొదలయ్యాయి. ఓడలొస్తే మంచిదే, మన పిల్లలకి పనులు దొరుకుతాయి. దాంతోబాటే తీరాన మిగిలిన మడ అడవుల్ని కూడా కాపాడుకుంటే ఇంకా మంచిది. ఉప్పెన జోరుని మొదట తమ మీదికి తీసుకునేవి ఆ చెట్లే. ప్రభుత్వం చెయ్యాల్సిన వారధులు అవి. మన వారధులు వేరు. ఈసారి తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కొవ్వొత్తులూ, పాలపాకెట్లూ, కూరగాయలూ తెచ్చి పెట్టుకుంటాం కదా. పెట్టుకోండి, తప్పులేదు. పక్కన ఇంకో సంచీ పెట్టి అందులో రెండు పాత చీరలు, ఒక దుప్పటి, రెండు కిలోల బియ్యం పడెయ్యండి. మన దాకా రాకపోతే ఎక్కడికో అక్కడికి పంపొచ్చు. తుఫాను వెలిసిన మర్నాడు ఎవరైనా గుమ్మంలోకి వచ్చి ఏదైనా అమ్ముతానంటే, ఎంతకిస్తావని అడిగేముందు ‘‘నిన్న మీ ఊళ్ళో ఎలా వుంది?’’ అని ఒక్క మాట అడిగి, కూచోబెట్టి, కాసిని మంచినీళ్ళివ్వండి.